ఊపిరి కన్నం

మొఖొట్లొంగ్ కొండల మీదికి నన్ను పంపిన ఏడు
నా సంచిలో మూడే వస్తువులు:
నేను కాపరినని చెప్పే పట్టా,
అమ్మ ఇచ్చిన బైబిలు,
సంఘస్థుల పేర్లున్న నీలం అట్ట పుస్తకం.
అందులో రెండువందల పన్నెండు పేర్లు.
ఆదివారం బల్లల మీద తొమ్మిదిమంది,
వాళ్ళలో ఇద్దరు పొయ్యి వెచ్చదనానికి వచ్చినవాళ్ళు.

తప్పిపోయిన గొర్రె మీద ప్రసంగించాను.
బాగా చెప్పాననే అనుకున్నాను,
గ్రీకు మాట కూడా ఒకటి వాడాను.
బయట రాతిగోడ పక్కన
దుప్పటికి పిన్ను గుచ్చుకుంటూ
ముసలి మమొహాపి అడిగింది:
"మొరూటీ, ఇవాళ రానిదెవరు?"
పుస్తకం తీయబోయాను.
"అందులో కాదు" అంది.
చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.

ఆగస్టులో, చలి పోయిందిలే అని అందరూ అనుకున్నాక,
రెండు రాత్రులు ఎడతెగని మంచు.
పై దొడ్డి దగ్గర ఆమె మనవడి మంద చిక్కుకుంది.
వాడి పేరు తెకో. పదమూడేళ్ళు.
బడి మొహం చూసింది రెండు చలికాలాలే.
వాడి వెంట నేనూ బయల్దేరాను.
ప్రేమకొద్దీ అని రాసుకోవాలని ఉంది గానీ
ముసలామె చూస్తోందని.

తెకోకి లెక్కలు రావు.
ఎన్ని పోయాయిరా అంటే నవ్వాడు.
"చెవి చిరిగింది లేదు.
దగ్గుది లేదు.
తల్లి చచ్చిపోతే నా వేలు చీకి పెరిగింది, అదీ లేదు."
అలా ఏడింటిని చెప్పాడు,
ఇంటివాళ్ళ గురించి చెప్పినట్టు.

నేను ప్రార్థన మొదలుపెట్టాను.
కొయ్యబారిన పెదాల మీద
"పరలోకమందున్న" దగ్గరే ఆగిపోయింది.
తక్కిన మాటలు ఏమయ్యాయో!
మిగిలిందల్లా కాలివేళ్ళ సలుపు,
కింద లోయలో వెచ్చగా ఉన్న నా గది మీద ధ్యాస.
చెప్పకూడదు గాని చెబుతున్నాను,
ఆ ఘడియలో దేవుడికంటే
ఇంకో జత మేజోళ్ళు నాకు ముఖ్యం.

వాడు ఆగి కర్రతో చూపించాడు.
తెల్లటి మంచులో పిడికిలి పట్టేంత గుంట,
అంచున కాస్త పసుపు మరక.
"ఊపిరి కన్నం" అన్నాడు. "కింద ఉంది. బతికే ఉంది."

దొంగ వేసే కన్నం కాదది.
లోపల కూరుకుపోయిన జీవం
బయటికి వేసుకున్నది,
గిట్టతో కాదు, అరుపుతో కాదు,
వదలడం, పీల్చడం,
వదలడం, పీల్చడం,
మంచు ఒప్పుకునేదాకా.

చేతులతో తవ్వాం.
పొద్దుగూకేలోపు ఐదు దొరికాయి.
వేలు చీకినది లేచి నిలబడి
నా కోటు గుండీ నమలబోయింది.
దగ్గుది దొరకలేదు.
తెకో దాన్ని మూడుసార్లు పిలిచి,
ముక్కు తుడుచుకుని,
ఉన్నవాటిని తోలాడు.
వాడికి చెప్పడానికి నాకొక్క వాక్యమూ తోచలేదు.
తోచనందుకు ఇప్పుడు సంతోషమే.

మళ్ళీ ఆదివారం ప్రసంగం కుదించి
మధ్యాహ్నం సెఖోబె ఇంటికి నడిచాను.
పుస్తకంలో నూట నలభయ్యో పేరు.
ఇరవై రెండేళ్ళు పరాయి దేశపు బంగారు గనిలో తవ్వి
రొమ్ము నిండా రాతిపొడి తెచ్చుకున్నాడు.
మందిరం గుట్ట ఎక్కలేడు.
ఆయన పేరు పక్కన నా ముందటి కాపరి రాత:
"విశ్వాసంలో చల్లారాడు."
చదివి వినిపిస్తే నవ్వబోయి
దగ్గులో పడ్డాడు, చాలాసేపు.

చెవి ఒగ్గి కూర్చున్నాను.
వదలడం. పీల్చడం.
మధ్యలో ఎక్కడో సన్నటి ఈల,
దూరాన కుర్రాడెవడో మందను పిలుస్తున్నట్టు.

ఆయన భార్య టీ తెచ్చింది.
"ప్రార్థన చెయ్యరా, మొరూటీ?" అంది.
"జరుగుతోందమ్మా" అన్నాను.
ఆమె నాకేసి వింతగా చూసి
పొయ్యిలోకి ఇంకో పిడక తోసింది.